బ్రస్సెల్స్‌లో రెండు ఇళ్ళు: అలంకారం ఎవరి పక్షం?

రూపం గురించి చర్చ వచ్చినప్పుడల్లా మన విమర్శలో మాట తొందరగానే ఒక సూత్రం దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. వస్తువు ప్రధానం, రూపం దాన్ని అనుసరిస్తుంది అంటాం మనం. శిల్పం లేనిది సాహిత్యమే కాదంటారు అవతలివారు. మనం వాళ్ళని రూపవాదులంటాం, వాళ్ళు మనల్ని నినాదకారులంటారు. అధ్యక్షులవారు ఇద్దరి మాటల్లోనూ సత్యం ఉందంటారు. సభ ముగుస్తుంది.

మన సూత్రం తప్పని నేననను. అయితే ఒకే నగరంలో, ఇంచుమించు అవే సంవత్సరాల్లో, ఒకే కళాకారుడు, ఒకే రూపాన్ని పరస్పరం శత్రువులైన రెండు శక్తులకు సమకూర్చిన సందర్భం ఎదురైతే ఈ సూత్రం మనకేం చెబుతుంది? ఇది తర్కం కోసం కల్పించిన ఉదాహరణ కాదు. బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో 1895–99 మధ్య జరిగింది. ఆ వాస్తుశిల్పి పేరు విక్టర్ హోర్టా. అతడు కట్టిన రెండు ఇళ్ళలో ఒకటి బెల్జియన్ కార్మిక పార్టీ కోసం కట్టిన 'ప్రజా గృహం'. రెండోది కాంగోను పాలించే యంత్రాంగానికి బ్రస్సెల్స్‌లో ప్రధాన కార్యదర్శిగా ఉన్న ఎడ్మండ్ వాన్ ఎట్‌వెల్డె నివాసం. రెండింటిలోనూ అదే ఇనుము, అదే గాజు, అదే తీగలాంటి వంపు.

ఆ వంపుకు చరిత్రలో స్థిరపడ్డ పేరు ఆర్ట్ నూవో, అంటే నూతన కళ. ఆ పేరుకు యూరపంతటా ప్రచారం తెచ్చింది ఒక దుకాణం బోర్డు. జపాన్ వస్తువుల వ్యాపారి సామ్యూల్ బింగ్ 1895 డిసెంబరులో పారిస్‌లో ఆ పేరుతో అంగడి తెరిచాడు. ఒక కళోద్యమం అంగడి పేరుతో చలామణీ కావడంలోనే దాని గతి కొంత తెలుస్తుంది. అయినా దాని పుట్టుక అంగట్లో లేదు. దానికోసం ఇంగ్లండు వెళ్ళాలి, విలియం మోరిస్ దగ్గరికి.

మోరిస్ (1834–1896) మన పాఠకులకు కొత్తవాడు కాడు. కాని మనవాళ్ళు అతడిని సగమే చదువుతారు. కొందరు 'న్యూస్ ఫ్రం నోవేర్' రాసిన సోషలిస్టును చదువుతారు. కొందరు గోడ కాగితాల మీద పూలూ పిట్టలూ గీసిన అలంకరణకారుణ్ణి చూస్తారు. రెంటినీ కలిపి చూస్తేనే అతడి బాధ అర్థమవుతుంది. తండ్రి డెవన్ రాగి గనుల్లో పెట్టిన వాటాల మీద పెరిగినవాడు, ఆ కంపెనీకి 1875 దాకా డైరెక్టరుగా ఉన్నవాడు. 1861లో మిత్రులతో కలిసి ఇంటి సామాను, రంగుటద్దాలు, అద్దకం బట్టలు తయారుచేసే సంస్థ పెట్టాడు. యంత్రం చేసిన చవక సరుకు కార్మికుడి చేతిలోంచి ఆనందాన్ని లాగేసిందని రస్కిన్ దగ్గర నేర్చుకున్నాడు. చేతిపని గౌరవాన్ని తిరిగి నిలబెడతానని పూనుకున్నాడు. నీలిమందు తొట్టిలో స్వయంగా చేతులు ముంచాడు.

తీరా చూస్తే ఆ చేతిపని కొనగలిగింది ఎవరు? యంత్రాల వల్ల బాగుపడ్డవారే. చేత్తో చేసిన వస్తువుకు పట్టే కాలం ఎక్కువ, కూలీ ఎక్కువ, కనుక ధర ఎక్కువ. కార్మికుడికి గౌరవమిచ్చే వస్తువు కార్మికుడింటికి వెళ్ళలేకపోయింది. ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ ఉద్యమమంతా ఈ చిక్కులోనే కూరుకుపోయింది. సి.ఆర్. ఆష్‌బీ 1888లో లండన్ తూర్పు పేటల్లో స్థాపించి 1902లో చిపింగ్ కాంప్‌డెన్ పల్లెకు తరలించిన చేతిపనివారల గిల్డు, కొద్ది ఏళ్ళలోనే నష్టాల్లో మునిగి మూతపడింది. వియన్నాలో 1903లో హోఫ్‌మన్, మోజర్ పెట్టిన కార్యశాల ఈ చిక్కును విప్పుకోవడానికి ప్రయత్నించనే లేదు. సంపన్నులకే పనిచేసి, 1932లో మూతపడింది.

మోరిస్ మాత్రం చిక్కును చిక్కుగా గుర్తించాడు. 1883లో డెమొక్రటిక్ ఫెడరేషన్‌లో చేరాడు, తర్వాత సోషలిస్టు లీగ్ స్థాపకుల్లో ఒకడయ్యాడు. సమాజాన్ని మార్చకుండా కళను బాగుచెయ్యడం అసాధ్యమన్న నిర్ణయానికి వచ్చాడు. అంతటితో చిక్కు తీరలేదనడానికి ఒక చిన్న లెక్క చాలు. అతడి 'న్యూస్ ఫ్రం నోవేర్' 1890లో ధారావాహికంగా వచ్చింది 'కామన్‌వీల్' పత్రికలో. దాని ధర ఒక పెన్నీ. అతడి కెల్మ్‌స్కాట్ ముద్రణాలయం 1896లో తెచ్చిన చాసర్ కావ్య సంపుటి కాగితం ప్రతులు 425. ఒక్కో ప్రతి ధర 20 పౌన్లు, నిపుణుడైన కార్మికుడికి సైతం నెలల తరబడి కూలి. పెన్నీ పత్రికా, ఇరవై పౌన్ల గ్రంథమూ ఒకే మనిషివి. ఇది కపటమని కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను. పెట్టుబడిదారీ సమాజంలో నిజాయితీగల కళాకారుడు రెండుగా చీలక తప్పని స్థితి అది. ఆ చీలికను కప్పిపుచ్చకుండా బతికాడు కనుకనే మోరిస్ మనకు కావలసినవాడు.

ఇక బ్రస్సెల్స్. హోర్టా (1861–1947) గెంట్ పట్టణంలో చెప్పులు కుట్టే ఇంట పుట్టాడు. 1893లో పూర్తయిన టాసెల్ ఇల్లు అతడికి పేరు తెచ్చింది. అందులో చేసిన సాహసమేమిటంటే, అంతవరకు కర్మాగారాల్లో, రైల్వే స్టేషన్లలో, అంగడి కప్పుల్లో మాత్రమే బయటపడ్డ ఇనుమును పెద్దమనుషుల ఇంటి నడవలోకి తెచ్చి, ముసుగు వెయ్యకుండా నిలబెట్టాడు. ఇనుప స్తంభం కాడలాగ లేస్తుంది. పైన చిగుళ్ళుగా విచ్చుకుని కప్పును మోస్తుంది. మెట్ల కటకటాల్లోనూ, నేల మీది మొజాయిక్‌లోనూ, గోడ రంగులోనూ అదే తీగ.

మన అలంకార శాస్త్రం చదువుకున్నవారికి ఇక్కడ ఆనందవర్ధనుడు గుర్తుకు రావాలి. ప్రత్యేక ప్రయత్నంతో తెచ్చి అతికించిన అలంకారం రసానికి అడ్డు అన్నాడాయన. కవి రసంలో మునిగి ఉండగా వేరే యత్నం లేకుండా సిద్ధించేదే సరైన అలంకారం. దాన్నే అపృథగ్యత్న నిర్వర్త్యమన్నారు. హోర్టా ఇనుప కాడ సరిగ్గా అటువంటిది. అది బరువు మోస్తుంది, ఆ మొయ్యడమే దాని అందం. పాత ఇళ్ళలో ఇటుక గోడ మీద అతికించిన సున్నపు పూలలాంటిది కాదు. వామనుడు సౌందర్యాన్నే అలంకారమన్నాడు. భరించేదే భూషించడం ఎలా సాధ్యమో తెలుసుకోవాలంటే వామనుడి వృత్తి కంటె ఆ ఇనుప స్తంభం మన విద్యార్థులకు త్వరగా బోధపడుతుంది.

1893లో బెల్జియంలో సార్వత్రిక సమ్మె జరిగింది. మగవారందరికీ ఓటు వచ్చింది, ఆస్తిపరులకు అదనపు ఓట్లుండిపోయినా సరే. 1894 ఎన్నికల్లో సోషలిస్టులు 28 మంది పార్లమెంటుకు వెళ్ళారు. ఆ ఊపులో కార్మిక పార్టీ తన 'ప్రజా గృహం' నిర్మాణాన్ని హోర్టాకు అప్పగించింది. డబ్బు ఎక్కడిది? సహకార సంఘానిది, అందులోనూ ముఖ్యంగా రొట్టెల బట్టీది. కార్మిక కుటుంబాలు కొనే రొట్టె మీద మిగిలిన లాభం ఇనుమై, గాజై లేచింది. స్థలం వంకర, ఏటవాలు. హోర్టా దాన్ని లోపంగా తీసుకోలేదు, ముఖభాగాన్ని కూడలి చుట్టూ వంచి కట్టాడు. కింద పెద్ద కాఫీశాల, దుకాణాలు, పైన సంఘాల కార్యాలయాలు, అన్నిటికీ పైన సుమారు రెండు వేలమంది పట్టే సభామందిరం. మురికిపేటల గుడిసెల్లో ఎన్నడూ దొరకని గాలీ వెలుతురూ ఈ ఇంటికి విలాసం కావాలన్నది తన ఊహ అని హోర్టా జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. 1899 ఏప్రిల్ 2న ప్రారంభోత్సవం. ఫ్రాన్సు నుంచి జాన్ జోరెస్ వచ్చాడు.

ఇక్కడికి ఆగితే ఎంత చక్కటి కథ! చెప్పులు కుట్టేవాడి కొడుకు, కార్మికుల రొట్టె డబ్బు, కొత్త రూపం. మన వ్యాసాల్లో ఇలా ఆగిపోయే అలవాటు కొంత ఉంది. కాని హోర్టా బల్ల మీద అదే కాలంలో రెండో ఇంటి నమూనాలు కూడా ఉన్నాయి.

1885 నుంచి 1908 దాకా కాంగో ఒక దేశానికి చెందిన వలస కూడా కాదు. రాజు రెండో లియోపోల్డ్ సొంత ఆస్తి. మొదట ఏనుగు దంతం, తర్వాత రబ్బరు. సైకిలు టైర్లకు, మోటారు టైర్లకు గిరాకీ పెరిగిన కొద్దీ ఊరూరికీ రబ్బరు కోటాలు పెట్టారు. కోటా తేకపోతే హిప్పొపొటమస్ తోలుతో చేసిన 'షికోట్' అనే కొరడా. ఆడవాళ్ళను బందీలుగా పట్టుకోవడం, సైనికులు తూటాల లెక్క అప్పగించడానికి చేతులు నరికి తేవడం జరిగాయి. రోజర్ కేస్‌మెంట్ నివేదిక 1904లో వెలువడేదాకా యూరపు ఇంతటి ఘోరాన్ని వినడానికి ఇష్టపడలేదు. ఈ వ్యవస్థను బ్రస్సెల్స్‌లో కూర్చుని నడిపిన ఉన్నతాధికారి వాన్ ఎట్‌వెల్డె. అతడి ఇంటి మధ్య హోర్టా ఒక అష్టకోణ మందిరం కట్టాడు. సన్నని ఇనుప కాడలు, వాటి మీద రంగు గాజు గుమ్మటం, ఆకుల నీడల్లాంటి వెలుతురు. చూసినవారు అది హోర్టా పనితనానికి శిఖరాలలో ఒకటంటారు. ఆ మాట అబద్ధం కాదు. మనకు ఇబ్బంది కలిగించేది కూడా అదే.

వాన్ ఎట్‌వెల్డె కేవలం ఇల్లు కట్టించుకున్న షావుకారు కాడు, నూతన కళకు పోషకుడు. కాంగో ప్రభుత్వం బెల్జియం శిల్పులకు దంతం సమకూర్చి, దాన్ని వాడేలా ప్రోత్సహించింది. 1897 బ్రస్సెల్స్ అంతర్జాతీయ ప్రదర్శనలో భాగంగా టెర్వూరెన్‌లో కాంగో విభాగం పెట్టారు. దాని మందిరాల అలంకరణ పాల్ హాంకార్, సెరూరియె–బొవీ, హాబె, హెన్రీ వాన్ డె వెల్డెలకు అప్పగించారు. అందరూ నూతన కళ వారే. కాంగో అడవుల కలపను తీగల్లా వంచి బల్లలూ చట్రాలూ చేశారు. బయట ఉద్యానంలో 267 మంది కాంగో మనుషుల్ని తెచ్చి, గుడిసెలు వేసి, జనానికి చూపించారు. ఆ వేసవి చలికి ఏడుగురు చనిపోయారు. వారి సమాధులు టెర్వూరెన్ చర్చి పక్కన ఇప్పటికీ ఉన్నాయి. అదే ఏడు స్వర్ణకారుడు ఫిలిప్ వోల్ఫర్స్ ఒక దంతానికి వెండి పని చేసి, హంస ఒకటి రాక్షస సర్పంతో పోరాడుతున్నట్టు మలిచాడు. అందుకున్నవాడు వాన్ ఎట్‌వెల్డె. పేరు 'నాగరికత–అనాగరికత'. ఏది ఏదో వేరే చెప్పనక్కరలేదనుకున్నారు కాబోలు.

వాన్ డె వెల్డె సంగతి మరీ చిత్రం. మోరిస్‌ను చదివి చిత్రలేఖనం వదిలి వస్తు రూపకల్పనకు వచ్చినవాడు, కార్మిక పార్టీ కళా విభాగంలో ఉపన్యాసాలిచ్చినవాడు. కళ అందరికీ చెందాలన్నది అతడి మాట. టెర్వూరెన్‌లో అతడి చెయ్యి కూడా ఉంది.

అమెరికా చరిత్రకారిణి డెబొరా సిల్వర్‌మన్ 2011–13 మధ్య ప్రచురించిన దీర్ఘ వ్యాసాలలో ఈ బంధాన్నంతా తవ్వి తీసింది. ఆమె ఇంకొక అడుగు ముందుకు వేసింది. బెల్జియం నూతన కళలోని ఆ వంపును 'కొరడా దెబ్బ' గీత అంటారు కదా, ఆ గీతలోనే కాంగో కొరడా, రబ్బరు తీగ, ఏనుగు తొండం ఉన్నాయని వాదించింది. పోషకుల గురించి, దంతం గురించి, టెర్వూరెన్ గురించి ఆమె చూపిన ఆధారాలు గట్టివి, తోసెయ్యడానికి వీల్లేనివి. గీతలోనే కొరడా ఉందన్న మాటను మాత్రం నేను ఒప్పుకోలేను. ఆ పేరు ప్రచారంలోకి వచ్చింది మ్యూనిక్‌లో హెర్మన్ ఓబ్రిస్ట్ అనే కళాకారుడి కుట్టుపని మీద రాసిన మాట నుంచి. అతడికీ కాంగోకూ సంబంధం లేదు. అంతకు పుష్కరం ముందు, 1883లో, ఇంగ్లండులో మాక్‌మర్డో ఒక పుస్తకం ముఖపత్రం మీద అటువంటి వంపునే గీశాడు. హోర్టా టాసెల్ ఇంట్లో ఆ తీగను అల్లింది వాన్ ఎట్‌వెల్డె పని చేపట్టకముందే.

ఇది కేవలం తారీఖుల తగాదా అయితే ఇంత చెప్పేవాణ్ణి కాను. గీతకే నేరం అంటగడితే ప్రజా గృహం మీది గీతను ఏం చేస్తాం? అదీ కొరడాయేనా? రూపంలోనే వర్గం పుట్టుమచ్చలా ఉంటుందనుకోవడం వినడానికి విప్లవాత్మకంగా ఉంటుంది. నిజానికి అది రూపవాదమే, తిరగేసిన రూపవాదం. రూపవాది వంపు చూసి అందమంటాడు, ఇతడు వంపు చూసి నేరమంటాడు. ఇద్దరూ వంపునే చూస్తున్నారు. ఎవరు డబ్బిచ్చారు, ఆ డబ్బు రొట్టె బట్టీలోంచి వచ్చిందా రబ్బరు కోటాలోంచి వచ్చిందా, కలప ఎవరు నరికారు, గుమ్మం లోపలికి ఎవరికి ప్రవేశం, ఈ ప్రశ్నలు ఇద్దరూ వెయ్యరు. మనలో గేయం విప్లవ రూపమనీ, గజల్ భూస్వామ్య రూపమనీ చేతిలో చీటీలు పెట్టుకుని తిరిగేవారు ఈ బ్రస్సెల్స్ ఇళ్ళ దగ్గర కాసేపు నిలబడాలని నా కోరిక.

అలాగని రూపం నిర్దోషి, అది నీళ్ళవంటిది, ఏ పాత్రలో పోస్తే ఆ ఆకారం అని చేతులు దులుపుకోవడానికీ లేదు. ఆ రెండు ఇళ్ళలో రూపం ఒకటే అన్నాను, పని ఒకటి కాదు. వాన్ ఎట్‌వెల్డె ఇంట్లో గాజు గుమ్మటం వెలుతురును లోపలికి తెచ్చి, వీధిని బయటే ఉంచింది. అక్కడ ఇనుప కాడ అడవిని గుర్తుచేస్తుంది, ఆ అడవిలో ఏం జరుగుతోందో మరిపిస్తుంది. ప్రజా గృహం ముఖమంతా గాజే. లోపల జరిగే సభ కూడలికి కనిపించాలి, కూడలి లోపలికి రావాలి. సభామందిరంలో ఇనుప దూలాలు తీగలుగా సాగి గొంతుకు దారిచ్చాయి. ఒకే పదం రెండు వాక్యాల్లో రెండు అర్థాలిచ్చినట్టు. పదానికి వాక్యం బయట అర్థం చెప్పే నిఘంటువు విమర్శకుడికి ఎంత చాలుతుందో, కట్టడం బయట గీతకు అర్థం చెప్పేదీ అంతే.

కార్మిక పార్టీని కూడా వదలకూడదు. ప్రజా గృహం కడుతున్న రోజుల్లో కాంగో దాని వేదిక మీద పెద్ద విషయం కాలేదు. తర్వాతి సంవత్సరాల్లో దాని నాయకుడు ఎమిల్ వాండర్‌వెల్డె పార్లమెంటులో లియోపోల్డ్ పాలనను ఎండగట్టాడు. 1909లో కాంగో వెళ్ళి, రబ్బరు కంపెనీ మీద రాసినందుకు కేసులో ఇరుక్కున్న అమెరికన్ మిషనరీ విలియం షెపర్డ్ పక్షాన వాదించాడు. ఆ వాండర్‌వెల్డెనే 1908లో కాంగోను బెల్జియం కలుపుకోవడానికి అనుకూలుడు, పార్టీలో చాలామంది వద్దన్నా. రాజు కంటె దేశం నయమని అతడి లెక్క. కాంగోవారిని అడిగినవారు లేరు.

ఈ కాలంలోనే అలంకారం మీద తిరుగుబాటు వచ్చింది. వియన్నా వాస్తుశిల్పి అడాల్ఫ్ లూస్ 1910 ప్రాంతంలో 'అలంకారమూ నేరమూ' అని ఉపన్యసించాడు. అలంకారం వృథా శ్రమ, వృథా సామగ్రి, వృథా పెట్టుబడి. లేసు అల్లేవారు, కుట్టుపనివారు ఎక్కువ గంటలు పనిచేసి తక్కువ కూలి తీసుకుంటున్నారు అన్నాడు. మోరిస్ ఆనందం లెక్కపెట్టినచోట ఇతడు గంటలు లెక్కపెట్టాడు, ఆ లెక్క మనం కొట్టెయ్యగలిగింది కాదు. కాని ఆ వ్యాసమే పపువా మనిషిని నాగరికత మెట్టు కింద నిలబెట్టి, పచ్చబొట్టును నేరస్థుడి గుర్తుగా చూపిస్తుంది. ఒకవైపు కార్మికుడి గంటలు మిగిల్చి, మరోవైపు వలస ప్రజల్ని అవమానించే అభ్యుదయం అది. పైగా లూస్ 1909–11లో వియన్నా రాజభవనం ఎదుట దర్జీ దుకాణం కట్టి, దాని కింది భాగమంతా ఖరీదైన సిపొల్లినో పాలరాయి పరిచాడు. పువ్వు పోయింది, రాయి వచ్చింది. డబ్బు తన్ను తాను చూపించుకోవడానికి పువ్వే కానక్కరలేదు.

అదే వ్యాసంలో లూస్ ఒక చెప్పులు కుట్టేవాడి సంగతి చెబుతాడు. ఎక్కువ డబ్బిస్తానంటే వాడు పొంగిపోతాడు, మంచి తోలు, మంచి పనితనం పెట్టి అంచున పూలూ చుక్కలూ చెయ్యాలని ఉబలాటపడతాడు. అప్పుడు, నున్నగా ఉండాలి, పువ్వు వద్దు అంటే, పని తగ్గినా వాడి ముఖం వాడిపోతుంది. నున్నటి ఆధునికతకు ప్రవక్త అయిన లూస్ ఆ ముఖాన్ని చూశాడు, రాశాడు, జవాబు చెప్పలేకపోయాడు. ఆ వ్యాసంలో నాకు నచ్చిన చోటు అదొక్కటే.

జర్మనీలో 1907లో ఏర్పడిన వెర్క్‌బుండ్ సంగతి క్లుప్తంగా చాలు. పరిశ్రమాధిపతులూ కళాకారులూ కలిసిన సంస్థ అది. 1914 కొలోన్ సమావేశంలో ముథేసియస్ వస్తువుల నమూనాలు స్థిరపరచాలన్నాడు, ఎగుమతులకు అదే దారి అన్నాడు. వాన్ డె వెల్డె కళాకారుడి స్వేచ్ఛ కోసం ఎదురు నిలిచాడు. వాదన ముగియకముందే యుద్ధం వచ్చింది. చవగ్గా, అందరికీ అన్న మోరిస్ కల నెరవేరే దారి యంత్రంలోంచే ఉందన్నది అప్పటికి స్పష్టమైపోయింది. 1900లో గిమార్ పోత ఇనుముతో అచ్చులు పోయించి పారిస్ మెట్రో ద్వారాలు నిలబెట్టినప్పుడే అది తేలింది. నూతన కళను టిక్కెట్టు డబ్బులతో చూడగలిగింది అక్కడే.

ఈ కథకు మన తీరంలో ఒక కొస ఉంది. ఆష్‌బీ గిల్డు మూతపడ్డ చిపింగ్ కాంప్‌డెన్ పక్కనే, బ్రాడ్ కాంప్‌డెన్‌లో ఆనంద కుమారస్వామి కాపురముండేవాడు. మోరిస్ చాసర్ సంపుటిని ముద్రించిన యంత్రం మీదనే తన 'మధ్యయుగ సింహళ కళ' (1908) గ్రంథాన్ని అచ్చువేయించాడు. 1917లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ప్రచురించిన అభినయ దర్పణం ఆంగ్లానువాదంలో అతడి పేరు పక్కన ఉన్న పేరు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యది. 1921లో చీరాల–పేరాల పోరాటం నడిపిన ఆంధ్రరత్న అతడే. కళలో స్వదేశీ భావన మన దగ్గరికి ఒక్క కలకత్తా నుంచే కాదు, మోరిస్ చెట్టు కొమ్మ మీదుగా కూడా వచ్చిందన్నమాట.

అయితే ఆ కొమ్మకు ఏం తగిలి ఏం రాలిందో చూడాలి. కుమారస్వామి 'ది ఇండియన్ క్రాఫ్ట్స్‌మన్' (1909) పుస్తకానికి ఆష్‌బీ ముందుమాట రాశాడు. వలస వ్యాపారం చేతిపనిని ఎలా చంపిందో అందులో బలంగా ఉంది. కాని వంశపారంపర్య వృత్తిని, కుల కట్టుబాటును యూరపు గిల్డుతో సమానం చేసి గౌరవించాడు. మోరిస్ 1883 తర్వాత నేర్చుకున్న వర్గ పాఠాన్ని వదిలి, అంతకు ముందటి మోరిస్‌ను మాత్రమే తెచ్చుకున్నాడు. గిల్డులోంచి మనిషి బయటికి వెళ్ళగలడు. మగ్గం గుంటలో పుట్టినవాడికి, తోలు ఊనే ఇంట పుట్టినవాడికి ఆ వెసులుబాటు లేదు. చేతిపని గొప్పతనం మీద మన పత్రికల్లో నేటికీ వచ్చే భావుక వ్యాసాలకు మూలం ఈ లోపంలోనే ఉంది. కలంకారీ అంచు గురించి పేజీలు రాసి, అద్దినవాడి కులం గురించీ కూలి గురించీ ఒక్క పంక్తి రాయని వ్యాసాలు ఎన్ని చదవలేదు మనం!

చివరికి ఆ రెండు ఇళ్ళూ ఏమయ్యాయి? 1964లో ప్రజా గృహం కూల్చివేత ఖాయమని తెలిసి ప్రపంచవ్యాప్తంగా 700 మందికి పైగా వాస్తుశిల్పులు నిరసన తెలిపారు. అయినా 1965లో కూల్చారు. ఆ స్థలంలో 26 అంతస్తుల కార్యాలయ భవనం లేచింది. భాగాలకు గుర్తులు వేసి, తిరిగి కడతామని దాచారు, కట్టలేదు. కొంత ఇనుము తుప్పు పట్టింది, కొంత పాత సామానుగా పోయింది. మిగిలిన ముక్కల్లో కొన్నింటిని 2000లో ఆంట్వెర్ప్‌లో తెరిచిన ఒక కాఫీశాలకు వాడారు. కొన్ని బ్రస్సెల్స్‌లో హోర్టా పేరు పెట్టిన భూగర్భ ట్రామ్ స్టేషన్‌లో ఉన్నాయి. అదే 2000లో యునెస్కో హోర్టా కట్టిన నాలుగు ఇళ్ళను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాటిలో వాన్ ఎట్‌వెల్డె ఇల్లు ఒకటి.